కిటికీ ఏ వైపు పెట్టాలి?

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లని కిటికీ కావాలా అని అడగండి, అందరూ కావాలనే అంటారు. తీరా దగ్గరికెళ్లి చూస్తే దానికి అట్టముక్కలో, పాత క్యాలెండరో అడ్డం పెట్టి ఉంటాయి.

చాదస్తమేమీ కాదది. సిల్వర్ నైట్రేట్‌ని ముదురు గోధుమరంగు సీసాలోనే ఎందుకు పోస్తారో ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్లకి తెలుసు. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు దగ్గరైతే గది చీకటిగా ఉంటేనే కంటికి ఏమైనా ఆనుతుంది. ఎండపొడ పడితే సున్నితమైన తూకం కుదురుగా నిలవదు.

కరెంటు లైటు రాకముందు మాత్రం కిటికీ లేకపోతే పనే లేదు. మైక్రోస్కోపు అడుగున ఉండే గుండ్రటి అద్దాన్ని తిప్పితిప్పి, ఆకాశపు వెలుగును పట్టి స్లైడు మీదికి పంపేవాళ్లు. బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్న 1897 ఆగస్టు నాటి సంగతి కూడా అలాంటి రోజులదే. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆయన ఉక్కలోనే కూర్చున్నాడు. నుదుటి చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయట.

వెలుగు కావాలా వద్దా అనే ఈ తగువు తీర్చినవాళ్లలో నాకు నచ్చినవాడు ఆర్కిటెక్ట్ లూయీ కాన్. అదీ ఒకసారి దెబ్బ తిన్నాకే. ఫిలడెల్ఫియాలో ఆయన కట్టిన రిచర్డ్స్ ల్యాబ్ భవనానికి 1960ల్లో ప్రపంచమంతా పేరొచ్చింది. లోపలివాళ్లు మాత్రం కళ్లలోకి కొట్టే వెలుగు భరించలేక కిటికీలకి అల్యూమినియం రేకు అంటించుకున్నారు. తర్వాత కాలిఫోర్నియాలోని లా హోయాలో, పోలియో టీకా తెచ్చిన జోనాస్ సాల్క్ కోసం 1965కల్లా పూర్తిచేసిన సంస్థలో పద్ధతి మార్చాడు. ప్రయోగాల బల్లలు స్తంభాలు అడ్డురాని పెద్ద హాళ్లలో ఉంటాయి. చదువుకునే చిన్న గదులు విడిగా, నడవ అవతల ఉంటాయి. వాటి కిటికీలు ఏటవాలుగా తిరిగి పసిఫిక్ సముద్రాన్ని చూస్తాయి. నేల కింది అంతస్తుల్లోకి కూడా బావుల్లాంటి ఖాళీల గుండా పగటి వెలుగు దించాడు.

మన దగ్గర కొత్త ల్యాబ్‌లకి నిలువెత్తు అద్దాలు బిగిస్తాం, వెంటనే బ్లైండ్లు దించేస్తాం, పట్టపగలు లైట్లేసుకుని ఏసీ పెంచుకుంటాం. అద్దానికి ఒక ఖర్చు, అద్దం నుంచి కాచుకోవడానికి ఇంకో ఖర్చు. అందుకే ఎవరైనా ప్లాన్ చూపిస్తే ముందు నోట్సు రాసుకునే చోటెక్కడని అడుగుతాను. కిటికీ అక్కడుండాలి, ప్రయోగాల బల్ల దగ్గర కాదు. పడమర వద్దు, ఉత్తరమే మేలు. ఆ మాటైనా కాలిఫోర్నియాలో చెల్లినంత తేలిగ్గా హైదరాబాద్‌లో చెల్లదు. మే, జూన్, జూలైల్లో సూర్యుడు మనకి ఉత్తరంగా జరుగుతాడు. ఉత్తరపు కిటికీకీ పక్కల నుంచి నీడ కట్టాల్సిందే.