జాషువ బాల్యము: బడిపిల్లల ఆదరానాదరములు

గుఱ్ఱం జాషువ (1895–1971) బాల్యమును గూర్చి వ్రాసిన విమర్శకులలో పెక్కండ్రు దానిని రెండు విధముల వినియోగించిరి. కొందఱ కది అస్పృశ్యతా దురాచారమునకు నిదర్శనము. కొందఱకు మహాకవి యవతరణకు పూర్వరంగము. రెండును సత్యములే. కాని వినుకొండ బడిలో అడుగుపెట్టిన బాలుడు ముందుగా ఎదుర్కొన్నది పిల్లల లోకము. ఎవరి ప్రక్క నెవరు కూర్చుందురు, ఎవరి మాటకు తరగతి నవ్వును, ఎవరిని ఆటకు పిలుతురు అను లెక్కలే ఆ లోకమున శాసనములు. ‘నా కథ’ అను పద్యాత్మకమైన ఆత్మకథను ఈ లెక్క తెలిసి చదివినవారు అరుదు.

పిల్లలలో పరస్పరాదరమును కొలుచు శాస్త్రమొకటి కలదు. మొరీనో అను మనస్తత్త్వవేత్త 1934లో ప్రకటించిన గ్రంథముతో సాంఘికమితి ప్రసిద్ధికెక్కెను. “నీ తరగతిలో నీ కిష్టులెవరు, అనిష్టులెవరు” అని ప్రతి బాలుని అడిగి, వచ్చిన పేర్లను లెక్కించుట అందలి ముఖ్యపద్ధతి. 1982లో కోయీ, డాడ్జ్, కొప్పొటెల్లి అను పరిశోధకులు ఈ లెక్కనుబట్టి పిల్లలను జనప్రియులు, తిరస్కృతులు, ఉపేక్షితులు, వివాదాస్పదులు, సామాన్యులు అని అయిదు తెగలుగా విభజించిరి. తరువాతివారు మఱియొక భేదమును గుర్తించిరి. పిల్లలు ఇష్టపడువాడు వేఱు, గొప్పవాడని పిల్లలు ఒప్పుకొనువాడు వేఱు. ఈ రెండవవానియందు దౌర్జన్యమును ఒక పాలు ఉండవచ్చును. ఉపాధ్యాయశిక్షణలో సాంఘికమితి చిరపరిచితమే గాని సాహిత్యవిద్యార్థులు దాని జోలికి పోరు.

శాస్త్రము రాకపోయినను దాని సారము మన పల్లెపిల్లలకు తెలియును. చెడుగుడు ఆటలో జట్లు పంచుకొను తీరును చూడుడు. సమబలులైన ఇద్దఱు భుజములపై చేతులు వేసికొని దూరముగా పోయి, చెఱియొక మాఱుపేరు పెట్టుకొని వచ్చి, ఏది కావలెనని నాయకుల నడుగుదురు. నాయకుడు పేరును కోరుకొనును గాని మనిషిని కాదు. అందఱి యెదుట కడపటివాడుగా మిగులు అవమానము ఈ యుపాయమువలన ఎవనికిని లేదు. అయితే మాఱుపేరు పెట్టుకొనుటకు ముందు జంట దొరకవలెను గదా! జంట దొరకని పసివాడు ‘ఆటలో అరటిపండు’. వాడు పరుగెత్తును, కూత పెట్టును, కాని వాడు ఔటైనను లెక్కలోనికి రాదు. ఉపేక్షితుడు అను పారిభాషికపదముకంటె ఈ నుడికారమునందు దయయు క్రౌర్యమును రెండును ఎక్కువ. జట్టు అను మాటకు పక్షమనియు, స్నేహమనియు రెండర్థములుండుట గూడ గమనింపదగినది.

ఈ వ్యాసకర్త పెరిగినది మిరపయు ప్రత్తియు పండు నల్లరేగడి పల్లెలో. మిరపకోతల దినములలో మా తరగతి పలుచబడెడిది. కూలికి పోయిన యిండ్ల పిల్లలు కొన్ని వారముల తరువాత తిరిగి వచ్చునప్పటికి ఇక్కడ జంటలు కుదిరిపోయి యుండెడివి. అట్లు పోయినవారిలో ఒకడు నా జంటకాడు. వాడు మండుచున్న వ్రేళ్లతో తిరిగివచ్చిన దినమున నేను వేఱొకని భుజముపై చేయి వేసియుంటిని. వాడు అడుగలేదు, నేను చెప్పలేదు. మాకు వైరము లేదు. పంట కోతకు వచ్చినది, అంతే. ప్రశ్నపత్రము పట్టుకొని వచ్చిన పరిశోధకుడు వానిని ఉపేక్షితుల పట్టికలో చేర్చి, కారణమును వాని స్వభావమున వెదకియుండును.

ఇక జాషువ. 2022 నుండి పల్నాడు జిల్లాలోనిదైన వినుకొండలో ఆయన పుట్టెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. పొలముల నడుమ హాయిగా పెరిగిన బాలునకు కష్టములు బడితోనే మొదలాయెను. తోటి బాలురు కులము పేర హేళన చేసిరి, ఉపాధ్యాయులును చేసిరి. ఆయన ఊరకుండక తిరిగి కొట్టెను. తిరస్కృతులలో పెక్కండ్రు దుడుకువారని సాంఘికమితి చెప్పును. ఆ పట్టికలో వినుకొండ బాలుడు సరిగా ఇముడును, అక్కడనే శాస్త్రము పొరపడును. ఏలయన ఇచ్చట దెబ్బకు ముందే తిరస్కారము కలదు. దానిని నేర్పినవారిలో గురుపీఠమున కూర్చున్నవారును కలరు. చిలకమర్తివారి ‘గణపతి’ బడిలో చేసిన ఆగడములను చదివి మనము కడుపుబ్బ నవ్వుదుము. గణపతి చేసినది అల్లరి, జాషువ చేసినది పొగరు! చేత ఒక్కటే యైనను పేరు పెట్టునది చేసినవాని పుట్టుక.

ఆదరము వేఱు, మైత్రి వేఱు అని బుకొవ్‌స్కీ, హోజా అనువారు 1989లో వివరించిరి. తరగతి యంతయు కాదన్నవానికిని ఒక్క మిత్రుడుండవచ్చును. జాషువకు దీపాల పిచ్చయ్యశాస్త్రి అట్టివాడు. కొప్పరపు సోదరకవులు, తిరుపతి వేంకటకవులు జంటగా సభలను ఏలిన కాలమది. ఈ మిత్రులును జంటకవులు కాదలచి, తమ పేర్లు కలిపి ‘జాషువ పిచ్చకవులు’ అనుకొని, పిచ్చకవులన్నమాట బాగులేదని మానుకొనిరి. దీనిని హాస్యపుముచ్చటగా చెప్పుకొని దాటిపోవుట వాడుక. నాకు మాత్రమిది చెడుగుడు బరి ప్రక్క మాఱుపేరు వెదకికొను ఇద్దఱు పిల్లల చేష్టవలెనే తోచును. బ్రాహ్మణబాలుడొకడు ఆ భుజముపై చేయి వేయుట నాడు చిన్న సాహసము కాదు.

‘నా కథ’ ఉత్తరవయస్సున వెలసిన రచన కాన, అందలి బాల్యము కీర్తి వచ్చినపిమ్మట తలచుకొన్న బాల్యమను ఆక్షేపము రావచ్చును. అది కొంతవఱకు సమంజసమే. కాని ఆయన పెద్దవాడైన పిదపను తరగతి ముగియలేదు. వినుకొండలో ఒక అవధానసభయందు పద్యములు చదివినందుకు, ఇతనిని లోనికెవరు రానిచ్చిరని సభికులు కొందఱు అవమానించిరి. ఆటకు పిలువని పిల్లల మాటకు ఇది పెద్దల పాఠాంతరము. పురాణకావ్యములను చదువుచున్నాడని క్రైస్తవులలోను కొందఱు ఆయనను దూరముంచిరి. ఏ జట్టును పూర్తిగా తనవానిగా ఎంచని ఈ స్థితిలోనే ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద రఘువంశ, మేఘసందేశములు చదివెను. జంటపేరు మాత్రము నిలువలేదు. తరువాతి కావ్యముల ముఖపత్రములపై జాషువ పేరొక్కటే కనబడును.