భారతి మాసపత్రిక – చరిత్ర రచన: ఒక పరిశీలన

4.1 పరిచయం

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924 జనవరిలో మద్రాసు నుంచి ‘భారతి’ మాసపత్రికను ప్రారంభించారు. అది 1991 వరకు వెలువడింది. భారతి కేవలం చరిత్ర పత్రిక కాదు. కథ, కవిత, విమర్శ అన్నింటికీ అందులో చోటుండేది. అయినా తెలుగువారి చరిత్ర రచనకు అది చేసిన సేవను విడిగా అంచనా వేయవలసి ఉంది.

4.2 పాఠకుని చేతికి ఆధారం

ఆ రోజుల్లో శాసన పరిశోధన ఎక్కువగా ‘ఎపిగ్రాఫియా ఇండికా’ వంటి ఆంగ్ల ప్రచురణలలో వెలువడేది. రాజమహేంద్రవరంలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926లో ప్రారంభించిన పత్రిక కూడా ప్రధానంగా ఆంగ్లంలోనే వచ్చేది. ఇంగ్లీషు రాని పాఠకునికి ఈ జ్ఞానం అందేది కాదు. భారతి ఈ లోటును కొంత తీర్చింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి పరిశోధకులు అందులో తెలుగులోనే రాశారు. శాసనాల పాఠాలు కూడా అందులో అచ్చయ్యాయి. నిర్ణయం ఒక్కటే చెబితే పాఠకుడు నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. ఆధారం కూడా ముందుంచితే దాన్ని ప్రశ్నించగలడు. భారతి ప్రధాన విలువ ఇదే.

4.3 ఆధారానికి ఉన్న హద్దు

అయితే శాసనం అందరి చరిత్రనూ చెప్పదు. క్రీ.శ. 848 ప్రాంతానిదైన అద్దంకి శాసనాన్ని చూడండి. అందులో తరువోజ పద్యం ఉంది. నన్నయకు సుమారు రెండు శతాబ్దాల ముందే తెలుగులో ఛందోబద్ధ రచన ఉందనడానికి అది సాక్ష్యం. కాని అదే శాసనం పండరంగడు బోయ కొట్టములు పన్నెండింటిని జయించాడని కీర్తిస్తుంది. బోయలు అందులో ఓడినవారుగానే కనిపిస్తారు. వారి మాట ఎక్కడా వినిపించదు. రాజవంశాలు, దానాలు, కవుల కాలనిర్ణయం చుట్టూ తిరిగిన ఆనాటి చరిత్ర వ్యాసాలకు ఈ పరిమితి సహజంగానే సంక్రమించింది.

4.4 మరో మార్గం

గోలకొండ పత్రికను 1926లో ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. ఆయన కావ్యాల నుంచి, సామెతల నుంచి జనుల తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల వివరాలు సేకరించారు. శాసనం చెప్పని సంగతులకు ఇతర ఆధారాలు వెతకవచ్చునని ఈ గ్రంథం నిరూపించింది. అయితే కావ్యం కూడా కవి దృష్టికి లోబడినదేనని గుర్తుంచుకోవాలి.

4.5 ముగింపు

భారతి పాత సంచికలను చదివేటప్పుడు రెండు విషయాలను విడదీసి చూడండి: ఆధారం ఏది, దానిపై రచయిత చేసిన ఊహ ఏది. ఊహలు కాలక్రమంలో మారవచ్చు. అచ్చయిన ఆధారం మాత్రం కొత్త ప్రశ్నలు వేసేవారికి మళ్ళీ పనికివస్తుంది. దాన్ని పరిశీలించే హక్కు నిపుణులదే కాదు, మీది కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చరిత్ర రచనకు భారతి చేసిన ప్రధాన సేవ ఏది?
2. అద్దంకి శాసనం ఏ విషయాన్ని రుజువు చేస్తుంది? ఎవరి పక్షాన్ని వదిలివేస్తుంది?