విప్పదగిన కుట్టు

గత ఆదివారము ఉదయమున నా బూట్లు నా కాళ్లకు గాక, మా వీధి మలుపున వేపచెట్టు క్రింద గోనెపట్టా పరచుకొని కూర్చుండు వృద్ధుని యొడిలో నుండెను. ఆయన యెడమకాలి బూటును బోర్లించి, మోకాళ్ల నడుమ నొక్కిపట్టి, అడుగు అట్ట అంచు వెంబడి రంపె మొనను జొనిపి, 2008లో చెన్నపట్నమున నేను వానిని కొన్ననాటినుండి ఇప్పటికి రెండవమారు మార్చవలసి వచ్చిన ఆ అట్టను పట్టియుంచిన కుట్లను ఒక్కొక్కటిగా తెంపుచుండగా, దారము తెగినప్పుడెల్ల వినవచ్చు సన్నని చప్పుడును ఆలకించుచు నేను ప్రక్కనున్న ముక్కాలిపీటపై కూర్చుంటిని. దారిన పోవుచున్న మిత్రుడొకడు ఆగి, "అయ్యో, బూట్లు పాడైపోయాయా మాస్టారూ?" అని పరామర్శించెను. నేను బదులిచ్చులోపలనే వృద్ధుడు తల యెత్తకయే, "పాడైతే విప్పుతామా బాబూ? అవతల పారేస్తాం. బాగున్నాయి గనకనే విప్పుతున్నా" అనెను.

ఈ వారము ఈ శీర్షికకు వేరొక విషయము సిద్ధము చేసికొని యుంటిని. ఆ మాట విన్న పిదప దానిని ప్రక్కకు పెట్టితిని.

చూపులకు బూటు ఏకఖండముగా కన్పట్టును గాని, మేలిరకపు బూటునందు రెండు వేర్వేరు కుట్లు కలవు. మొదటిది కంటికి కానరాదు. పైతోలును, పాదమానెడి లోపలి అట్టను, వాని చుట్టును వడ్డాణమువలె తిరిగిన సన్నని తోలుపట్టీని కలిపి పట్టునది ఇదియే. ఆ పట్టీని వెల్టు అందురు. రెండవది బూటు అంచున వెలుపలికి కనిపించు వరుస. ఇది ఆ వెల్టును అడుగు అట్టకు కలుపును. అనగా, నేలను రాచుకొని అరిగిపోవు అట్టకును, ఏండ్ల తరబడి నిలువవలసిన పైతోలునకును నేరుగా చుట్టరికమే లేదు. నడుమ వెల్టు పెండ్లిపెద్దవలె నిలిచి, ఇరుపక్షముల మాటయు తానే మోయుచుండును. అట్ట అరిగిననాడు రెండవ కుట్టును మాత్రము తెంపి క్రొత్త అట్టను చేర్చి కుట్టిన చాలును, పైతోలు మీద ఆరె పడదు. పెక్కుమారులు కుట్టి కుట్టి వెల్టే శిథిలమైనచో దానినిగూడ తీసి మరియొకటి వేయవచ్చును. జిగురుతో అతికిన బూటున కీ యోగము లేదు. దాని అడుగు ఏనాడు చెడునో ఆనాడే దాని ఆయువును తీరును.

చేతిపనివారు ఈ మొదటి కుట్టును వేయు తీరు చూడదగినది. లోపలి అట్ట నాలుగైదు మిల్లీమీటర్ల దళసరి తోలు. దాని అడుగువైపున, అంచునకు కొంచెము లోపలగా, కత్తితో ఒక గట్టు చెక్కుదురు. వంపు ఆరెతో ఆ గట్టులోనుండి పైతోలు మీదుగా వెల్టులోనికి రంధ్రము పొడిచి, మైనము పట్టించిన నారదారపు రెండు కొనలను అదే రంధ్రమున ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులను రెక్కలవలె చాచి బిగించుదురు. ఆ కొనలకు సూదికి మారుగా పందివెండ్రుకను చేర్చుట పాశ్చాత్య దేశముల వాడుక: ఇనుపసూది వంకర దారిలో మొరాయించును, వెండ్రుకయో దారి యెట్లు వంగిన నట్లే వంగును. ఇంతటి పనిని పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున యంత్రమునకు నేర్పించినవారిలో ముఖ్యుడు చార్లెస్ గుడ్‌ఇయర్ కుమారుడు. తండ్రి పేరే ఆయనకును పెట్టిరి. 1839లో రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు మార్గము కనిపెట్టినవాడు తండ్రి. బూటుకుట్టుకు పేరిచ్చినవాడు కొడుకు. ఆ పేరుతోడి టైర్ల కంపెనీని 1898లో పరులు స్థాపించి, తండ్రి గౌరవార్థము పేరు మాత్రము ఎత్తుకొనిరి. యంత్రపు వెల్టునకు లోపలి అట్టపై గట్టు చెక్కరు, గుడ్డపట్టీనే గట్టుగా అంటింతురు. అందుచే నియమనిష్ఠలు గలవారు దీనిని చూచి పెదవి విరుతురు. నా బూట్లు యంత్రపు వెల్టువే. నాకు దానిపై ఫిర్యాదు లేదు.

అట్ట పూర్తిగా ఊడివచ్చినప్పుడు వృద్ధుడు బూటును నా వైపునకు త్రిప్పి చూపెను. లోపలి అట్టకును అడుగు అట్టకును నడుమ మిగిలెడి గుంతను బెండుపొడితో పూడ్చుట ఆచారము. ఆ బెండు నా వ్రేళ్ల మొదళ్ల క్రింద నల్లబడి, అప్పడమువలె పలుచనై, వ్రేలితో తాకగనే రాలుచుండెను. నడిమి వంపు దగ్గర మాత్రము నిన్న నింపినట్లు గోధుమవన్నెతో నిండుగా నుండెను. "బాబుగారు ఎడంకాలి మీద ఎక్కువ బరువేస్తారు," అని ఆయన నిర్ధారించెను. ఇన్నేండ్లుగా నాకు తెలియని సంగతి అది. ఇంటికి వచ్చి అద్దము ముందు నిలిచి చూచుకొంటిని, నిజమే.

కుట్టుటకు ముందు పైతోలును చెక్కఅచ్చుపై బిగించుట మరియొక విద్య. మన చెప్పుల అంగళ్లలో ఆ అచ్చును ఫర్మా అందురు. బొటనవ్రేలి కడ తోలు ముడుతలు పడకుండ, పగులకుండ, నాలుగు దిక్కులకును సమముగ లాగి మేకు కొట్టవలెను. అమెరికాలోని లిన్ పట్టణమున ఈ పని చేయువారు, తమ చేతుల నేర్పును ఏ యంత్రమును పొందజాలదని ధీమాగా నుండిరట. ఆ ధీమాను భంగపరచినవాడు జాన్ ఎర్నెస్ట్ మాట్జెలిగర్ అను యువకుడు. దక్షిణ అమెరికాలోని సురినామున 1852లో డచ్చి తండ్రికిని, ఆఫ్రికా సంతతికి చెందిన తల్లికిని జన్మించి, ఆంగ్లభాష అంతంతమాత్రముగా తెలిసినవాడై లిన్ చేరి, పగలు బూట్ల కర్మాగారమున కూలి చేసి, రాత్రులు అరకొర తిండితో యంత్రపు నమూనాలు కట్టుచు, 1883 మార్చి 20న పేటెంటు సంపాదించెను. అతడు సమర్పించిన చిత్రపటములు మరీ జటిలముగా నుండుటచే, పేటెంటు కార్యాలయము యంత్రమును కన్నులార చూచుటకు ఒక పరీక్షకుని లిన్‌కు పంపవలసి వచ్చినదని చెప్పుదురు. చేయి తిరిగిన పనివాడు దినమునకు సుమారు 50 జతలు బిగించుచుండగా, ఈ యంత్రము 150 మొదలు 700 జతల వరకు బిగించగలిగెను. క్షయవ్యాధి సోకి 1889లో, ముప్పదియారేండ్ల ప్రాయమున, అతడు కన్నుమూసెను. బూట్ల వెల పడిపోయి సామాన్యులు తొడుగుకొనగలుగుటకు కారకులైనవారిలో ఇతనికంటె మిన్న యెవరో నాకు తోచదు. ఇతని పేరు తెలిసిన బూట్లవర్తకుని మాత్రము నే నింతవరకు కలిసికొనలేదు.

తోలు సంగతి వచ్చినచో మనము మన యింటి వాకిటిలోనికే రావలెను. పచ్చిచర్మమును సున్నపునీట నానబెట్టి, రోమములు రాల్చి, మాంసపు పొరలు గీకి, ఆపైన చెట్టుపట్ట కషాయమున ఊరవేసినప్పుడు, పట్టలోని వగరు చర్మపు పోగులను పట్టుకొని కుళ్లకుండ కాపాడును. ఇంగ్లండున డెవన్ సీమలోని కోలిటన్ అను ఊర ఓక్ చెట్టు పట్టతో సంవత్సరమునకు పైగా తోళ్లను ఊరవేయు పాత కర్మశాల ఒకటి నేటికిని పని చేయుచున్నది. మన దక్షిణదేశపు లందలలో ఓక్ స్థానము తంగేటిది. తెలంగాణమున బతుకమ్మను పేర్చు ఆడపడుచులు పూవు కోసికొందురు. ఆ చెట్టు పట్టయే తోళ్లను పదును చేయును. కరక్కాయ తోడై రంగును నిగ్గును దిద్దును. ఇట్లు పదునైన తోళ్లు ఈస్టిండియా తోళ్లను పేర మద్రాసు రేవునుండి లండను విపణికి ఓడలెక్కినవి. దొరల బూట్ల లోపల తంగేటి వాసన యుండెనని తలచుకొన్నప్పుడు నాకు కొంచెము నవ్వు వచ్చును.

1884లో ఆగస్టస్ షుల్జ్ క్రోము లవణములతో పదును చేయు పద్ధతికి పేటెంటు పొందిన పిదప నెలల పని గంటల పనియైనది. నేడు బూట్ల పైతోలులో అధికభాగము ఇట్టిదే. సలసల కాగు నీట వేసినను ముడుచుకొనకుండుట దీని గురుతు. మెత్తనిది, తేలికది, నీటికి జంకనిది. కాని ఆ వేగమునకు వెల చెల్లించినది పాలారు నది. వేలూరు సీమలోని తోళ్లకర్మాగారముల మురుగును గూర్చి 1996లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పవలసి వచ్చెను. అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధనాలయము 1948లో వెలసినది. దానికి 1958 మొదలు పెక్కేండ్లు సంచాలకుడై యుండి, చర్మవిజ్ఞానమును చర్మకారుని గుడిసెవరకు కొనిపోవలెనని పాటుపడినవాడు తెనాలి చేరువనున్న యలవర్రున జన్మించిన యలవర్తి నాయుడమ్మ. 1985 జూన్ 23న కనిష్క విమాన ఘాతుకమున ఆయన అస్తమించుట తలచుకొన్నప్పుడెల్ల మనసు చివుక్కుమనును.

ఇక పోషణ. ఈ విషయమున నేను తప్పు చేసి నేర్చుకొన్నవాడనే గాని చదివి నేర్చుకొన్నవాడను గాను. కొన్న మూడవ వర్షకాలమున బూట్లు మడమలదాక తడిసి వచ్చినవి. మరునాడు ప్రయాణమున్నదను తొందరలో వానిని వంటింట పొయ్యి ప్రక్కన నిలిపితిని. తెల్లవారునప్పటికి ఆరినవి, నిజమే. కాని కుడికాలి బూటు వ్రేళ్లు వంగుచోట మెంతిగింజంత పగులు పడినది. తోలు పోగుల నడుమ చమురు కలదు, పోగు పోగును ఒరయకుండ జారునట్లు చేయునది అదియే. వేడికి చమురు పోయినచో పోగులు అంటుకొని, వంగినప్పుడు తెగును. ఆ పగులు నేటికిని ఉన్నది, ఏ మందునకును మానలేదు. తడిసినవానిలో వార్తాపత్రిక కాగితములు కూరి, ప్రక్కకు పరుండబెట్టి, నీడపట్టున ఫంకా గాలికి రెండు దినములు వదలివేయవలెను. కాగితములు చెమ్మగిల్లినప్పుడు మార్చవలెను. పొయ్యి వద్దు, ఎండయు వద్దు.

ఒకదినము తొడిగినవానికి మరునాడు విశ్రాంతి నీయవలెను. పాదపు చెమట లోపలి తోలునుండి ఒక రాత్రిలో పోదు. విడిచిన వెంటనే చెక్క అచ్చులను లోపల దూర్చినచో ముడుతలు సాగి నిలుచును. గుర్రపువెండ్రుకల బ్రష్షుతో దుమ్ము దులుపుట ప్రతిదినము చేయదగినది, ముఖ్యముగా వెల్టు మీది సందులో; అక్కడ చేరిన యిసుక రంపమువలె దారమును కోయును. చమురుముద్దను రెండు మూడు నెలల కొకమారు, కంటికి కాటుక పెట్టినంత పలుచగా, గుడ్డతో రాయవలెను. మా తాతగారు కిఱ్ఱుచెప్పులకు ఆముదము పట్టించి రాత్రంతయు ఉంచువారు. దళసరి చెప్పున కది చెల్లినది గాని, బూటు పైతోలునకు అంత చమురు పోసినచో అది గుడ్డపేలికవలె జారిపోవును. పాలిష్ విషయమున మనవారికి మోజెక్కువ. 1906లో మెల్‌బోర్నున వెలువడిన కివీ డబ్బా, న్యూజీలాండున పుట్టిన భార్యపై ప్రీతితో యజమాని పెట్టిన పేరుతో, ప్రపంచమెల్ల చుట్టివచ్చినది. అందలి మైనము మెరపించును గాని పోషింపదు. మైనము మీద మైనము మెత్తినచో ముడుత కడ అది పెచ్చులూడును. కోస్తా తేమలో అలమారు మూసి యుంచిన బూట్లకు శ్రావణమున బూజు పట్టుట ఖాయము. తడిగుడ్డతో తుడిచి, గాలి తగులనిచ్చిన సరిపోవును, కంగారు పడనక్కరలేదు. మొత్తముమీద ఈ సేవలో చేయవలసినదానికంటె చేయక మానవలసినదే అధికము. నాకు వారమున కొక పావుగంట పట్టుచున్నది.

వృద్ధుని చేతులను చూచుచు కూర్చున్నప్పుడు ఒక విషయము మనసును కలచినది. పాదము కందకుండ కాచిన చేతిని ఊరి వెలుపల నిలిపిన జాతి మనది; తోలు ఇంటిలోనికి వచ్చినది, తోలు కుట్టినవాడు గడప దాటలేదు. చెప్పులు కుట్టు అరుంధతీసుతునే నాయకునిగా నిలిపి జాషువ 'గబ్బిలము' వెలువరించి (1941) ఎనుబదియేండ్లు దాటినను, ఈ వృద్ధునికి కూలి ఇచ్చునప్పుడు నాణెములను చేతికందింపక గోనెపట్టాపై విసరువారిని నే నా యుదయముననే ఇద్దరిని చూచితిని.

మా మిత్రుడు వెళ్లుటకు ముందు వెల అడిగెను. తొమ్మిదివందలు. "దానికి కొత్తవే వస్తాయిగా," అనెను. వృద్ధుడు నవ్వి, మిత్రుని కాళ్ల బూట్ల అంచును ఆరె మొనతో చూపి, "ఇది కుట్టు కాదు బాబూ, కుట్టులాగా పోత పోశారు," అనెను. మిత్రుడు వంగి, గోటితో గీకి చూచుకొనెను. దారము లేదు; రబ్బరుపై గుంటలు మాత్రమే యున్నవి. చదువరులు బూట్లు కొనునప్పుడు ఈ గోటి పరీక్ష తప్పక చేయవలసినదిగా కోరుచున్నాను.

కొక్కెపు ఆరెతో రెండు బూట్లకును చుట్టు కుట్టుటకు తీరిక కావలెనట. జిగురైతే అప్పుడే ఇచ్చివేసెడివాడట. గురువారము రమ్మనెను, అంతవరకు నాకు చెప్పులే గతి.