పొడవైన రాత్రికి వేడి ఉండలు

డిసెంబరు 21 గానీ 22 గానీ, ఆ రాత్రి చైనాలో ఏడాదిలోకెల్లా పొడవైనది. ఆ రోజును వాళ్ళు దోంగ్‌జి అంటారు. మర్నాటి నుంచి పగలు పెరుగుతుంది. మన ఉత్తరాయణం మాట కూడా ఈ సూర్యగమనం నుంచి వచ్చిందే. అయనచలనం వల్ల మన సంక్రాంతి జనవరికి జరిగింది, వాళ్ళ పండుగ అయనాన్నే అంటిపెట్టుకుని ఉంది.

పండుగ ఒకటే అయినా వంటలు రెండు. చిన్‌లింగ్ కొండలు, హువాయ్ నది కలిసి చైనాను రెండుగా విడదీస్తాయి. ఉత్తరాన గోధుమ, దక్షిణాన వరి. అందుకే ఉత్తరాన జ్యావ్‌జ, దక్షిణాన తాంగ్‌యువాన్ అనే బియ్యప్పిండి ఉండలు.

జ్యావ్‌జ చూడ్డానికి చిన్న కజ్జికాయలా ఉంటుంది, కాకపోతే నీళ్ళలో ఉడికేది. దీని వెనక ఒక కథ చెబుతారు. తూర్పు హాన్ రాజుల నాటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్, చలికి చెవులు పుండ్లు పడ్డ పేదలను చూసి, గొర్రెమాంసాన్ని మూలికలతో ఉడికించి, తరిగి, పిండిరేకులో చెవి ఆకారంలో చుట్టి పెట్టాడట. ఆ రోజు జ్యావ్‌జ తినకపోతే చెవులు ఊడిపోతాయని పిల్లల్ని ఇప్పటికీ బెదిరిస్తారు. కథ మాటెలా ఉన్నా పనితనం నిజం. రేకును నడుమ మందంగా, అంచులు పల్చగా ఒత్తుతారు. మడిచాక అంచు రెండు పొరలవుతుంది, బరువు నడుమ పడుతుంది మరి. క్యాబేజీని ఉప్పు చల్లి గట్టిగా పిండకపోతే నీరూరి రేకు చిరుగుతుంది. ఉడికేటప్పుడు మూడుసార్లు చన్నీళ్ళు పోస్తారు. మరుగు తగ్గి, రేకు పగలకుండా లోపలి మాంసం ఉడుకుతుంది.

నాకు ఇంకా ముచ్చట గొలిపేది తాంగ్‌యువాన్. జిగురు బియ్యాన్ని నానబెట్టి, నీళ్ళతోనే రాతి తిరగలిలో రుబ్బి, గుడ్డ సంచిలో పోసి, పైన బరువు పెట్టి నీరు దించేస్తారు. అరిసెలకు తడిపిండే కావాలని పట్టుబట్టే మన అమ్మమ్మలు చూస్తే వెంటనే ఒప్పుకునే పని ఇది. బియ్యప్పిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. అందుకని కొంచెం పిండిని ముద్ద చేసి, నీళ్ళలో ఉడికించి, మళ్ళీ పచ్చి పిండిలో వేసి మర్దిస్తారు. ఉడికిన జిగురు మిగతా పిండిని పట్టి ఉంచుతుంది, ఉండ బీటలు వారదు. పాలతాలికలకు మనం బియ్యప్పిండిని ఉడుకునీళ్ళతో కలపడం కూడా ఇందుకే.

నింగ్‌బో ఊరివాళ్ళ పూర్ణం మరీ గొప్పది. వేయించి దంచిన నల్ల నువ్వులు, పంచదార, పంది కొవ్వు కలుపుతారు. చలికి కొవ్వు గడ్డకడుతుంది కనుక పూర్ణం గోళీల్లా చుట్టడానికి వీలవుతుంది. ఉడికితే అదే కరిగి, కొరకగానే కారుతుంది. ఫుజియాన్, తైవాన్‌లలో పూర్ణం లేని చిన్న ఎరుపు, తెలుపు ఉండలు చేసి ముందు పితృదేవతలకు పెడతారు. తిన్నవారికి ఒక ఏడు వయసు పెరిగినట్టే. తాంగ్‌యువాన్ పేరు కుటుంబం కలుసుకోవడం అనే అర్థమిచ్చే మాటలా వినిపిస్తుంది, అందుకే ఇంటిల్లిపాదీ కూర్చుని చుట్టడం.

ఇప్పుడు ఫ్రీజర్ ప్యాకెట్లు దొరుకుతున్నాయి, రుచీ బాగానే ఉంటుంది. కానీ ఆ ప్యాకెట్ తెచ్చిన ఇంట్లో పిండిముద్దను ఎప్పుడు ఉడికించి కలపాలో పిల్లలకు చెప్పేవాళ్ళు ఉండరు. నష్టం అక్కడే.

సింగపూర్, మలేషియాల్లోని చైనీయుల ఇళ్ళలోనూ ఈ పండుగ ఉంది. అక్కడున్న తెలుగువారికి పక్కింటి నుంచి ఓ గిన్నెడు ఉండలు అందితే కాదనకండి. శాకాహారులైతే పూర్ణంలో కొవ్వు వేశారేమో ముందే అడగండి. ఊది, చల్లార్చి, మెల్లగా కొరకండి. లోపలి నువ్వుల పూర్ణం నోరు కాలుస్తుంది.