పాట దగ్గర ఆగే చెయ్యి

పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పే కథలు రాసుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. రాస్తుంటే ఒకచోట చెయ్యి ఆగుతుంది: కథ మధ్యలో పాట వచ్చినప్పుడు. అవ్వ అదే చరణం మళ్లీ మళ్లీ పాడుతుంది, కాగితం మీద ఒక్కసారి రాస్తే చాలదా అనిపిస్తుంది. చాలదని నాకు తెలిసింది జేన్ జాన్‌స్టన్ స్కూల్‌క్రాఫ్ట్ రాతలు చదివాకే.

ఆమె 1800లో ఉత్తర అమెరికాలో, సుపీరియర్ సరస్సుకు దగ్గర్లోని సూ సెంట్ మేరీలో పుట్టింది. తల్లి అక్కడి ఒజిబ్వే ఆదివాసీల ఆడపడుచు, తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన జంతుచర్మాల వర్తకుడు. ఒజిబ్వేల పవిత్ర గాథలు నేల మీద మంచు ఉన్నన్నాళ్లే చెప్పుకొనేవి. జేన్ తన భర్త హెన్రీతో కలిసి చేతిరాత పత్రిక నడిపింది కూడా చలికాలంలోనే, 1826–27లో.

అందులో ఒక కథ ఉంది. చనిపోతూ తల్లిదండ్రులు చిన్నవాణ్ణి అన్నకూ అక్కకూ అప్పగిస్తారు. ముందు అన్న వెళ్లిపోతాడు, తర్వాత అక్క. పిల్లాడు తోడేళ్లు వదిలేసిన ఎంగిలి తిని బతుకుతాడు. ఎన్నాళ్లకో సరస్సులో చేపలు పడుతున్న అన్నకు ఒడ్డునుంచి ఏడుపు వినిపిస్తుంది. తోడేలుగా మారిపోతూ తమ్ముడు పాడే పాట అది. కథంతా ఇంగ్లీషులో రాసిన జేన్ ఆ పాటను మాత్రం ఒజిబ్వేలోనే ఉంచింది. అన్నను పిలిచే పిలుపు, తోడేలునైపోతున్నాననే మొర అందులో పదేపదే వస్తాయి. ఒక్కటి తీసేసినా ఆ పిల్లాడి గొంతు పోతుంది. ఇంత కఠినమైన కథను నడిపిన తీరు చూడండి, అందుకు ఆమెను గొప్ప రచయిత్రి అంటాను.

1839లో జేన్ రాసినవీ కలుపుకొని ఒజిబ్వే కథలు పుస్తకంగా వచ్చాయి, అట్ట మీద హెన్రీ పేరుతో. హెన్రీ సేకరించిన కథల్లోంచి అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1855లో ‘హయవాతా గీతం’ అల్లాడు. నాయకుడి పేరేమో హాడెనొషోనీలనే వేరే ఆదివాసీలది, కథలు చాలావరకు ఒజిబ్వేలవి! లాంగ్‌ఫెలో పేరు లోకమంతా పాకింది. జేన్ 1842లోనే చనిపోయింది. ఆమె రచనలన్నీ ఒకచోట చేరి పుస్తకంగా రావడానికి 2007 దాకా పట్టింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు నా నోటుబుక్కులో ప్రతి కథ పైనా చెప్పిన మనిషి పేరు, ఊరు, విన్న నెల రాస్తున్నాను. పాట ఎన్నిసార్లు పాడితే అన్నిసార్లూ రాస్తున్నాను. కథ వేసుకునే పత్రికవాళ్లు చోటు లేదని ఆ చరణాలు తీసేయమంటే కథనే మరో వారానికి ఆపుతాను.