సోమము ఛత్రాకమా?

ఇటీవల పాశ్చాత్యదేశములలో ఛత్రాకవ్రతులని చెప్పఁదగిన యొక వర్గము బయలుదేఱినది. చిత్తవృత్తులను మార్చు కొన్ని పుట్టగొడుగులను, తీఁగలను, వేళ్లను వీరు ఔషధములని వ్యవహరింతురు. తమ యిండ్లలో గాజుసీసాలయందు ధాన్యముపైఁ బెంచుకొందురు. వానిని పెంచుటయు సేవించుటయు నేరముగా నెన్నరాదని పురసభలయెదుట వాదింతురు. 2019వ సంవత్సరము మే నెలలో అమెరికాయందలి డెన్వరు పురవాసులును, జూన్ నెలలో ఓక్లండు పురసభవారును వీరి పక్షమున నిర్ణయించిరి. 2020లో ఓరిగన్, 2022లో కొలరాడో రాష్ట్రములు ప్రజల యోటుచే శాసనములు చేసికొన్నవి. 2023 జూలై మొదలు ఆస్ట్రేలియాలో అనుమతి పొందిన మానసవైద్యులు ఒక మనోవ్యాధికి ఆ గొడుగులలోని సైలోసైబిన్ అను ద్రవ్యము నొసఁగవచ్చును.

ఇదంతయు లోకవృత్తాంతము, దీనితో నీ పత్రికకుఁ బనిలేదు. పని యెక్కడఁ గలిగినదనఁగా, ఈ వర్గమువారు తమ యాచారమునకుఁ బ్రాచీనతను గోరి, ఋగ్వేదమున స్తుతింపఁబడిన సోమము పుట్టగొడుగే యని చాటుచున్నారు. ఆ మాట యిప్పు డోరుగంటి విద్యార్థుల నోటను వినవచ్చుచున్నది. “వేదములోనే యున్నదఁట గదా, శాస్త్రిగారూ!” అని వారడిగినపుడు కొందఱు పండితులు చెవులు మూసికొందురు, కొందఱు వేదమున లేనిదేమున్నదని సంతోషింతురు. సూక్తమును దీసి పదము పదము చూచి బదులు చెప్పువా రరుదు. ఆ పని నిచటఁ గొంత చేయఁబూనితిని.

ఈ వాదమునకు మూలపురుషుఁడు గార్డన్ వాసన్. ఈయన వృత్తిచే న్యూయార్కునందలి మోర్గన్ బ్యాంకులో నుపాధ్యక్షుఁడు, సంస్కృతపండితుఁడు గాఁడు. 1955 జూన్ నెల చివర మెక్సికోదేశపుఁ గొండలలోని హువాట్లా గ్రామమునకుఁ బోయి, మసాటెక్ జాతికిఁ జెందిన మరియా సబీనా యను వైద్యురాలు రాత్రి జరపు గొడుగుల క్రతువునఁ బాల్గొని, 1957 మే నెలలో ‘లైఫ్’ పత్రికయందు దానిని వర్ణించెను. మఱుసటి యేఁడు స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞుఁడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఆ గొడుగులనుండి సైలోసైబినును వేఱుచేసెను. పత్రికలో ఆమె పేరును మాఱుపేరుతోఁ గప్పినను ఫలము లేకపోయెను. పరదేశీయులు గుంపులుగా హువాట్లాకు వచ్చిపడిరి. ఊరివా రామెపైఁ గినిసిరి. ఆమె యిల్లు తగులఁబెట్టఁబడెను. రోగిని స్వస్థపఱచుటకు వాడిన గొడుగులను వేడుకకై వచ్చినవారు తినసాగినప్పటినుండి వాని శక్తి పోయినదని యామె చెప్పినట్లు ఆమె చరిత్రము వ్రాసినవారు తెలిపిరి. 1985లో నామె గతించినది. పరుల క్రతువును బేరు పెట్టి పైకిఁ దెచ్చుటవలనఁ గలుగు నష్టమున కింతకంటె నిదర్శన మక్కఱలేదు. ఇప్పుడు మన క్రతువునకుఁ గూడ నట్టి పేరు పెట్టఁబడుచున్నది.

వాసన్ 1968లో సోమముపై నొక పెద్దగ్రంథమును బ్రకటించెను. వేదానంతరవాఙ్మయమున సోమము యొక్క చరిత్రభాగమును వెండీ డోనిగర్ దానికి వ్రాసి యిచ్చినది. ఉత్తరదేశములలో భూర్జసరళవృక్షముల క్రింద మొలచునట్టి, ఎఱ్ఱని తలపైఁ దెల్లని పొక్కులు గల ఛత్రాకమే సోమమని యాతని సిద్ధాంతము. దానిని శాస్త్రజ్ఞులు అమనీటా మస్కారియా యందురు. ఆతని శ్రద్ధ మెచ్చఁదగినది. దేశదేశములు తిరిగి, తెలియని భాషకుఁ దెలిసినవారి సాయము గొని, తన యుపపత్తులను దాఁచక ముందుంచెను. 1971లో కేంబ్రిడ్జి పండితుఁడు జాన్ బ్రఫ్ ఖండించినపుడు మఱుసటి యేఁడే మర్యాదతో బదులు వ్రాసెను. ఆతని యనుచరులలో నీ గుణము కానరాదు.

ఆ యనుచరులలో ముఖ్యుఁడు టెరెన్స్ మెకన్నా. ఈతఁడు 1976లో సోదరునితోఁ గూడి మాఱుపేరులతో గొడుగుల పెంపకమునకొక కరదీపికను బ్రకటించెను. 1992లో వేఱొక గ్రంథమున సోమము వాసన్ చెప్పిన యెఱ్ఱగొడుగు గాదనియు, ఆవుపేడపై మొలచు సైలోసైబిన్ గొడుగనియుఁ జెప్పెను. ఇందలి చమత్కారమును జదువరులు గమనింపవలెను. ఎఱ్ఱగొడుగునందు సైలోసైబిన్ లేదు. దాని మదద్రవ్యము వేఱు. అది చెట్ల వేళ్లతోఁ గూడి బ్రదుకునది గావున సీసాలలోఁ బెరుగదు. పేడగొడుగు సీసాలలో సులభముగాఁ బెరుగును. పెంచువారు పెరిగెడి దానినే సోమమనిరి. వేదము సోమమును ‘గిరిష్ఠాః’ అనుచున్నది; మూజవత్పర్వతమున నుండునదని చెప్పుచున్నది. పేడగొడుగు వెచ్చని పల్లపుభూములలోఁ బసుల మందలవెంట మొలచునది. రెండు ద్రవ్యములు, రెండు దేశములు, సోమ మొక్కటియే! ఒకరి హేతువు రెండవవాని సాధ్యమును గొట్టివేయుచుండఁగా, నేఁటి ప్రచారకులు వీరిరువురిని నొకే వాక్యమున సాక్షులుగాఁ జెప్పుదురు.

ఇఁక శబ్దమును జూతము. స్వాదిగణమునందలి మొదటి ధాతువు ‘షుఞ్’. దాని యర్థము అభిషవము, అనఁగా దంచి పిండుట. దానిపై నౌణాదిక మన్ప్రత్యయము వచ్చి సోమశబ్దమైనది. కావున సోమమనఁగాఁ బిండఁబడునది. అది క్రియచే వచ్చిన పేరు గాని యాకారముచే వచ్చినది గాదు. యాస్కుఁడు సురాశబ్దమును గూడ నీ ధాతువునుండియే సాధించినాఁడు. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు పేరులలో నొకటి తీఁగయో గడ్డియో గొడుగో యని వ్యాకరణము చెప్పఁజాలదు. ఈ మాట యుభయపక్షములకును జెల్లును. మన యాజ్ఞికులు నేఁడు వాడు తీఁగజెముడే ఋషుల సోమమని ధాతువును జూపి వాదించు పండితులకును నాశ్రయము లేదు. రాక్స్‌బరో తెలుఁగుదేశమున నున్నపుడు తీఁగజెముడును బరీక్షించి, దాని పాలు మృదువై పుల్లగా నుండుననియు, బాటసారులు దప్పికకు లేఁతకొమ్మలను జప్పరింతురనియు వ్రాసెను. అట్టి దాని రసమునకు ఋక్కులలో వర్ణించిన మదము రాదు. అది ప్రతినిధిద్రవ్యము, ప్రతినిధి యని యొప్పికొనుటలో మనకు లోపము లేదు. సోమము దొరకనిచోఁ బూతీకములను బిండవలెనని మీమాంసకులు విచారించినారు గదా!

ఈ పూతీకమును గూర్చియు నొక మాట. 1975లో స్టెల్లా క్రామ్రిష్ పండితురాలు, సంతాలులు ఒక తెగ గొడుగులను ‘పుట్కా’ యందురు గావునఁ బూతీకము ఛత్రాకమే యని వ్రాసినది. అక్షరసామ్యమే ప్రమాణమగునేని మనకు మఱియు సులభము. ఓరుగంటి ప్రాంతమున వానలు పడఁగానే యడవిపల్లెలవారు దెచ్చి యమ్ము గొడుగులను పుట్టకొక్కులందురు, సర్కారులవారు పుట్టగొడుగులందురు. పూతీకము, పుట్కా, పుట్ట: ఈ లెక్కను వల్మీకమును వదలిపెట్టనేల? పుట్టపై మొలచుటచే వచ్చిన తెలుఁగుపేరున కీ చర్చతో సంబంధము లేదు. ఆ కొక్కులు కూరకుఁ బనికివచ్చునవి గాని మత్తు గలిగించునవి గావు. సోమశబ్దము గనఁబడినచో నెల్ల ఛత్రాకమును జూచువారు, ఉమతోఁ గూడినవాఁ డను వ్యుత్పత్తిచే శివునకు సోముఁడను పేరున్న దని యెఱుఁగనిచో, రేపు మన పాలకుర్తి సోమనాథకవిని సైతము వదలరు.

వాసన్ ప్రధానహేతువులలో నొకటి, ఋగ్వేదము సోమమునకు వేరు, ఆకు, పువ్వు, విత్తు చెప్పలేదనుట. అనుపలబ్ధి ప్రమాణము గావలెనన్న నుపలబ్ధికి యోగ్యత యుండవలెను. నవమమండలమునందలి 114 సూక్తములును, అప్పటికే కోసి తెచ్చిన యంశువులను ఱాళ్లతో దంచి, ఉన్ని జల్లెడలో వడియఁగట్టుచుండఁగాఁ బాడినవి. చెఱకుగానుగపాటలో చెఱకు వేళ్లను వర్ణింపలేదని చెఱకునకు వేళ్లు లేవందుమా?

రెండవ హేతువు వర్ణము. ‘హరి’ యనుదానిని వాసన్ అగ్నివలె నెఱ్ఱనిదని గైకొనెను. అమరసింహుఁడు హరిశబ్దమును విశేషణముగాఁ గపిలవర్ణమునకుఁ జెప్పినాఁడు. వేదమున నది పసుపును, లేఁబచ్చను గూడఁ జెప్పును. తెలుఁగువానికిది విచిత్రము గాదు. పచ్చగడ్డియందును పచ్చని పసిమియందును మన మొకే మాట వాడుదుము. ‘పచ్చ’ యని మాత్రము వ్రాసి పోయిన కవి చూచినది గడ్డియో బంగారమో యా మాటవలన నెవ్వఁ డేర్పఱుపఁగలఁడు?

మూఁడవది యెల్లవారిని నాకర్షించినది. సైబీరియాలో కొందఱు ఎఱ్ఱగొడుగు దిన్నవాని మూత్రమును ద్రావి మత్తిల్లుదురు. ఆ యాచారము సత్యమే. అట్టిదే వేదమున నున్నదని నవమమండలపు 74వ సూక్తమునందలి నాలవ ఋక్కును వాసన్ చూపెను. అచట ‘మేహంతి’ యను క్రియ గలదు. దానిని మూత్రవిసర్జనముగా ననువదించిరి. ‘మిహ’ ధాతువున కర్థము సేచనము, అనఁగాఁ దడుపుట. ఈ ధాతువునుండియే న్యంక్వాదిగణపాఠముచే హకారమునకు ఘకారము వచ్చి మేఘశబ్దమైనది. మన వైద్యులు రోగమున కిడిన మేహమను పేరును దీనినుండియే వచ్చినది. రెండర్థములు నున్నచోఁ బ్రకరణము నడుగవలెను. ఆ ఋక్కున నాకాశము పాలు పిదుకఁబడుచున్నది, నీరు పుట్టుచున్నది. సాయణాచార్యులు వర్షపరముగా వ్యాఖ్యానించిరి. మేఘమును ద్రోసి మేహమును దెచ్చుట వ్యాకరణముచే నిషిద్ధము గాదు. కాని యన్యత్ర యొక్క సాక్ష్యమైన లేక తెచ్చుట సాహసము. బ్రాహ్మణగ్రంథములలో సోమక్రయము మొదలు ద్రోణకలశము వఱకు నింతింత విధులు చెప్పిన యాజ్ఞికులు, అట్టి పాన మున్నయెడల దానికొక పాత్రయైనను విధింపక పోవుదురా?

మనువు లశునపలాండువులతోఁ గలిపి కవకమును, వేఱొకచో ఛత్రాకమును ద్విజులకు నిషేధించెను. పూర్వము పవిత్రమైనది గావుననే నిషేధించినారని కొందఱందురు. ప్రసక్తి యున్నదానికే ప్రతిషేధ మనుట నిజమే. ప్రసక్తి యనఁగా రుచిచేఁ దినుటయు గావచ్చును. ఆ న్యాయమున వెల్లుల్లియు నొకనాఁటి సోమమే కావలయును!

ఇంత చర్చకుఁ బ్రయోజనమేమని యడుగుదురేమో. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున గ్రిఫిత్స్ ప్రభృతులు సైలోసైబినును జాగ్రత్తతో మనుష్యులపైఁ బరీక్షించి ఫలితములను బ్రకటించిరి. మనోవ్యాధులకది పనికివచ్చునా యను పరీక్షలు నేఁడును జరుగుచున్నవి. ఫలించినచో రోగులు సంతోషింతురు, నేనును సంతోషింతును. ఆ నిర్ణయము రోగిని జూచి వైద్యులు చేయవలసినది. నవమమండల మందులకు సాక్షి గాదు. మన దేశమున 1985 నాఁటి మాదకద్రవ్యశాసనపుఁ బట్టికలో సైలోసైబిన్ చేరియున్నది. వేదసమ్మతమను మాట నమ్మి తెలియని గొడుగును నోటఁ బెట్టుకొన్న పిల్లవానికి న్యాయస్థానమునఁ గాని యాసుపత్రిలోఁ గాని ఋక్కు అడ్డురాదు. విషపుగొడుగునకును దినఁదగినదానికిని భేదము చిరకాలపరిచయము గల యడవివారికే దురవగాహము. పుస్తకము చదివినవానికిఁ జెప్పనేల?

ఛత్రాకవాదుల చేతఁ గడపటి యాయుధము దశమమండలపు 119వ సూక్తము. లబమను పక్షిరూపమున నున్న యింద్రుఁడు దీనిని బలికెనని సంప్రదాయము. పదుమూఁడు ఋక్కులును నొకే పాదముతో ముగియును. వక్త ద్యావాపృథివులు తన యొక ఱెక్కకును సరిగావనును. భూమి నిచటఁ బెట్టుదునా, అచటఁ బెట్టుదునా యనును. ఇది మత్తునఁ గలిగిన దర్శనము గాక మఱేమని వారి ప్రశ్న. ప్రశ్న బలమైనదే, నవ్వి త్రోసివేయరాదు. సోమపానమున దేహము పెరిగినట్లు తోఁచుట సూక్తమున స్పష్టముగా నున్నది. అయినను ఇంద్రుని మహిమ ద్యావాపృథివులను మించుననుట సోమప్రసక్తి లేని ఋక్కులలోనుఁ గలదు. దీనివలనఁ బానము బలవత్తరమని తేలును, ద్రవ్యమేదో తేలదు.

ఈ పల్లవిని ప్రచారకు లెల్లరు ‘నేను సోమమును ద్రావితిని’ అని ధీరముగా ననువదింతురు. అందున్న ‘కువిత్’ అను నిపాత మెక్కడఁ బోయినది? నిఘంటువు దానిని బహునామములలోఁ జదివినది. ఆ పక్షమున ‘పలుమాఱు ద్రావితిని’ యని యర్థము. పాణిని 8-1-30 సూత్రమున యది, హంత, కచ్చిత్ మొదలగువానితోఁ గలిపి కువిత్తును జదివి, దానితోఁ గూడిన తిఙంతమునకు నిఘాతము లేదనినాఁడు. పల్లవిలోని క్రియాపద మందుచేతనే యుదాత్తముతో నున్నది. కచ్చిత్తు ప్రశ్నార్థకము, ఆ సహవాసమును బట్టియు, పదుమూఁడుమాఱు లాశ్చర్యముతో వచ్చుటను బట్టియు సంశయార్థమే మేలని నాకుఁ దోఁచును. నిఘంటుపక్షము నాశ్రయించువారితో నాకు వైరము లేదు. కాని రెండు పక్షములలో నేదియు నా నిపాతమును మ్రింగివేయ నొప్పదు. తెలుఁగున నీ సూక్తము ననువదించువారు ‘సోమము ద్రావితిని’ యని విడిచిపెట్టక, ‘ద్రావితిఁ గాఁబోలు’ ననియో, ‘ద్రావితినా యేమి’ యనియో వ్రాసినచో లబపక్షి మాటలోని వెఱగు కొంత నిలుచును.