రెండో అరగంటకు ఏం తొడుక్కోవాలి?

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో సాగే 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద, వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల దారుల్లో, అరకు ఘాట్‌లో తెల్లవారకముందే సైకిళ్లు బయల్దేరుతాయి. తొక్కేవాళ్ల ఒంటి మీద చాలావరకు ఒకే వరస కనబడుతుంది: లోపల కాటన్ బనియన్, దానిపైన మందపాటి స్వెటరో హుడీనో, ఆ పైన జర్కిన్, మెడకు మఫ్లర్. గడప దాటేటప్పుడు వణుకు రాకుండా ఉండాలంటే ఇవన్నీ పనికొస్తాయి. పొరపాటు కూడా అక్కడే మొదలవుతుందని నా వాదన. బట్టలు ఎంచుకునేది గడప దగ్గరి చలిని చూసి. అవి అక్కరకు రావలసింది రెండో అరగంటలో, ఒళ్లు కాగి చెమట మొదలయ్యాక. చలికాలం సైకిలు ఎక్కేవాళ్లకు మొదటి పది నిమిషాలు కాస్త చలి వేయాలి. ఇంటి ముందే వెచ్చగా ఉందంటే ఒక బట్ట ఎక్కువ తొడిగినట్టే.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు వంద వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఒకటి వెలిగినంత. సైకిలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది నాలుగో వంతుకు మించదు, మిగిలిందంతా వేడిగానే మారుతుంది. పెడల్ మీద వంద వాట్లు పడే మామూలు తొక్కుడుకు ఒంట్లో మూడు నాలుగు వందల వాట్ల వేడి తయారవుతుంది. కూర్చున్న మనిషిని కాపాడే స్వెటర్ ఇంత వేడిని బయటికి పోనివ్వదు. అప్పుడు శరీరానికి మిగిలిన దారి చెమట ఒక్కటే. చెమట పట్టడంలో ప్రమాదమేమీ లేదు, అది ఆరకుండా బట్టలో నిలిచిపోతేనే చిక్కు. లీటరు చెమట ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. చొక్కాలో 200 మిల్లీలీటర్లు నిలిచిందనుకుందాం. దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే, కండరాల వేడి తగ్గిపోయిన ఆ సమయంలో, తడి చొక్కా ఒంటి వేడితోనే ఆరాలంటే గంటా ఇరవై నిమిషాల పాటు శరీరం పుట్టించే వేడంతా దానికే పోతుంది. పైగా కదలని గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాక్కుపోతుంది. అంత మందంగా తొడుక్కున్న మనిషి తిరుగు ప్రయాణంలో వణికిపోయేది ఇందుకే.

కాబట్టి చర్మాన్ని తాకే మొదటి బట్ట దగ్గరే ఎంపిక మొదలవ్వాలి. కాటన్ మన నేలకు ఎండాకాలంలో వరం. చెమటను పీల్చి పట్టుకుంటుంది, మెల్లగా ఆరుతూ చల్లబరుస్తుంది. చలికాలంలో అదే గుణం ఎదురు తిరుగుతుంది. ఆటలవాళ్లు వేసుకునే పాలియెస్టర్ టీషర్ట్ పోగు దాదాపు నీరు పీల్చదు, చెమటను పైకి పరిచి తొందరగా ఆరనిస్తుంది. చెమట వాసన దానికి త్వరగా పడుతుంది, రోజూ ఉతకాలి. ఈ రెండిటి కంటే మేలైనది సన్నని ఉన్ని. ఉన్ని పోగు తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి తీసుకున్నా పైకి తడిగా అనిపించదు, వంకీలు తిరిగిన పోగుల మధ్య గాలిని వదలదు. తెలంగాణ, రాయలసీమ కాపరులు దక్కనీ గొర్రె ఉన్నితో నేసి చింతగింజల గంజి పట్టించిన గొంగడిని వానలోనూ మంచులోనూ కప్పుకునే తిరిగారంటే, ఆ గుణం తెలిసే. గొంగడి సైకిలు మీద పనికిరాదు, నిజమే. ఉన్నిని నమ్మడానికి మాత్రం మనకు పరాయి సాక్ష్యం అక్కర్లేదు.

రెండో శత్రువు గాలి, దాన్ని సైకిలు తనే పుట్టిస్తుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 25 కిలోమీటర్ల గాలి ముఖానికి తగిలితే 7 డిగ్రీల్లా ఉంటుంది. 5 డిగ్రీల్లో ఘాట్ దిగుతూ 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే సున్నా కిందికి పోయినట్టే. గాలిని ఆపడానికి మందం అవసరం లేదు, నేత సందుల్లేని పలచని పొర చాలు. స్వెటర్ ఎంత లావుగా ఉన్నా దాని అల్లికలోంచి గాలి దూరిపోతుంది. టూర్ డి ఫ్రాన్స్ రేసర్లు కనుమల శిఖరాన అభిమానులు అందించిన న్యూస్‌పేపర్‌ను జెర్సీలోకి, రొమ్ము మీదికి దోపుకుని దిగేవారు. ఎక్కేటప్పుడు చెమటలు కక్కుతున్న మనిషికి అది అక్కర్లేదు, దిగేటప్పుడు అది లేకపోతే గుండె దాకా చలి పాకుతుంది.

దీనికి 1988 జూన్ 5ను మించిన రుజువు లేదు. ఆ రోజు గిరో డి ఇటాలియా రేసు 2,600 మీటర్లు దాటిన గావియా కనుమ మీదుగా బోర్మియోకు దిగాలి. పైన మంచు కురుస్తోంది. నెదర్లాండ్స్ రేసర్ యోహాన్ వాన్ డెర్ వెల్డే పొట్టి చేతుల జెర్సీతో, గ్లవ్స్ కూడా లేకుండా అందరికంటే ముందు శిఖరం చేరాడు. ఎక్కినంతసేపూ అతని ఒళ్లే అతనికి కుంపటి. దిగడం మొదలయ్యాక పెడల్ పని ఆగింది, తడి మిగిలింది, గాలి పెరిగింది. తట్టుకోలేక దారిలో ఆగిపోయాడు, చివరికి 47 నిమిషాల దాకా వెనకబడ్డాడు. అమెరికాకు చెందిన ఆండీ హ్యాంప్‌స్టన్ జట్టు మంచు ఆటల దుకాణాల్లో ముందే గ్లవ్స్, టోపీలు కొనిపెట్టి, శిఖరం దగ్గర పొడి బట్టలు అందేలా చూసింది. హ్యాంప్‌స్టన్ ఆ సాయంత్రం, రేసులో మొత్తం మీద ముందున్నవాడికి ఇచ్చే గులాబీ జెర్సీ అందుకున్నాడు, తర్వాత రేసూ గెలిచాడు. ఎక్కుడులో తక్కువ బట్టలతో ఉండటం వాన్ డెర్ వెల్డే తప్పని నేననను. దిగుడుకు వేరే బట్ట చేతికి అందకపోవడమే అతన్ని ముంచింది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి మంచు చూసి దిగేవాళ్లకు కూడా, తక్కువ స్థాయిలోనైనా, సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురవుతుంది. ఎక్కేటప్పుడు వీపు జేబులో మడిచి పెట్టుకున్న విండ్‌చీటర్ శిఖరం మీద తొడుక్కోవాలి.

మన చలి కూడా ఒక చలేనా, దానికి ఇంత లెక్కా అని అడగొచ్చు. ఫిన్లాండ్‌లోని ఔలు పట్టణంలో సున్నాకు పది డిగ్రీల కిందా పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్తారు. కానీ అక్కడ పొద్దున్నా మధ్యాహ్నమూ చలి దాదాపు ఒకటే. మనకు ఆరింటికి 12 డిగ్రీలుంటే తొమ్మిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. ఒక్క సవారీలోనే రెండు రుతువులు దాటుతున్నప్పుడు ఒకే లావు స్వెటర్ కంటే విప్పి దాచుకోగల రెండు పలచని పొరలే మనకు ఎక్కువ అవసరం.

పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు ఏళ్ల తరబడి మఫ్లర్, స్వెటర్‌తోనే తొక్కుతున్నారు కదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. వాళ్లు నెమ్మదిగా వెళ్తారు, గుమ్మం గుమ్మానికీ ఆగుతారు, ఒళ్లు కాగే వ్యవధే ఉండదు. ఆ పనికి ఆ బట్టలే సరైనవి. ఆగకుండా గంటసేపు తొక్కేవాళ్లు వాళ్లను అనుకరించకూడదు. ఖర్చు సంగతికొస్తే, ఖరీదైన సైక్లింగ్ జాకెట్ కొనమని ఎవరికీ చెప్పను. పాలియెస్టర్ టీషర్ట్, పలచని విండ్‌చీటర్ లావు జర్కిన్ కంటే చవకే. ఏదీ లేనివాళ్లకు రేసర్ల పద్ధతి ఉండనే ఉంది: ఈ పేజీని మడిచి రెండు చొక్కాల మధ్య పెట్టుకున్నా గాలి ఆగుతుంది.

ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు చలికి ఓర్చుకుని బయల్దేరాలా అంటే, వద్దు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. చల్లగాలి శ్వాసనాళాలను బిగిస్తుంది. వాళ్లు డాక్టర్‌ను అడిగి, ఎండ పొడ వచ్చాక ఎక్కడమే మంచిది.

చేతుల విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. 1980లో మంచు తుపానులో లీజ్-బాస్టోన్-లీజ్ సైకిల్ రేసు గెలిచిన బెర్నార్డ్ ఇనోకు రెండు వేళ్లలో స్పర్శ శాశ్వతంగా దెబ్బతింది. మన దగ్గర అంత జరగదు గానీ, మొద్దుబారిన వేళ్లతో బ్రేకు లివర్ సమయానికి అందదు. వేళ్లు నిండా కప్పే సన్నని గ్లవ్స్ తప్పనిసరి. మఫ్లర్‌ను చెవుల చుట్టూ బిగించొద్దు, వెనక వచ్చే బండి చప్పుడు వినబడాలి. హెల్మెట్ కింద ఇమిడే పలచని టోపీ చాలు.

ఇంటికి రాగానే లోపలి చొక్కా వీపు తాకి చూడండి. పిండేంత తడిగా ఉంటే రేపు ఒక పొర తగ్గించండి. పొడిగానే ఉండి వేళ్లు మాత్రం మొద్దుబారితే రొమ్ము మీద గాలి ఆపే పొర ఒకటి చేర్చండి.